వెనక చక్రం వెంట ఉన్నవాడు

ఆ ఏడాది జనవరి నుంచి మే నెల దాకా మా ఇంట్లో అలారం గడియారంతో పని పడలేదు. తెల్లవారుజామున నాలుగయ్యేసరికి మా తమ్ముడు అన్సెల్మో మంచం కిర్రుమనేది. ఒక నిమిషం ముందూ కాదు, ఒక నిమిషం వెనకా కాదు. అంతకుముందు మూడు నెలలు వాణ్ణి ఆ మంచం మీంచి కదపడం మా అమ్మ వల్ల కాలేదు, నా వల్ల కాలేదు, ఇంటికొచ్చి గంటసేపు నీతులు చెప్పిన చర్చి ఫాదర్ వల్ల కూడా కాలేదు.

వాడు సైకిలు పందేల మనిషి. సరదాకి తొక్కేవాడు కాదు, ఒక సబ్బుల కంపెనీ జట్టులో జీతానికి తొక్కేవాడు. కాకపోతే గెలవడం వాడి ఉద్యోగం కాదు. జట్టు నాయకుడి ముందు తొక్కుతూ, ఎదురుగాలినంతా తన రొమ్ము మీద కాసుకుని, నాయకుణ్ణి తన వెనక చక్రం చాటున కొండ మీదికి చేర్చడం వాడి ఉద్యోగం. చివరి రెండు వందల గజాల్లో నాయకుడు పక్కకి వస్తాడు, వీణ్ణి దాటతాడు, చేతులు పైకెత్తి ముగింపు గీత దాటతాడు. పూలగుత్తులూ ముద్దులూ అతనికే. "మీ తమ్ముడు గొడుగులాంటోడమ్మా రొసాల్బా. వాన వెలిశాక గొడుగు మొహం ఎవడు చూస్తాడు?" అనేవాడు జట్టు కోచ్ తిబూర్సియో. అంటూనే వాడి వీపు మీద ఒక్కటి చరిచేవాడు. ఆయనకు ప్రేమా ఎగతాళీ ఒకే చెయ్యి.

ఆ నాయకుడి పేరు హసింతో. నన్ను చేసుకోవలసినవాడు. డిసెంబరులో పెళ్ళి అనుకున్నాం. అక్టోబరులో ఒక పందెంలో గ్రానీసో కనుమ దిగుతూ, పొగమంచులో, పాలలారీ మలుపు అని మేం పిలిచే చోట లోయలోకి పోయాడు. ఎప్పటిలాగే అన్సెల్మో ముందున్నాడు. వీడు మలుపు తిరిగాడు, హసింతో తిరగలేదు. పోలీసులకి మా తమ్ముడు చెప్పింది అంతే, నాకు చెప్పిందీ అంతే. ఆ తర్వాత సైకిలు తీసుకెళ్ళి బంగాళదుంపల కొట్టంలో దూలానికి వేలాడదీసి, మంచమెక్కి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

మా బోయకా కొండల్లో ఎవరూ అలారం గడియారాన్ని నమ్మరు. తొందరగా లేవాలంటే పడుకోబోయే ముందు నడిదారి ఆత్మలను అడుగుతాం. అంటే చచ్చిపోయి ఇంకా స్వర్గం చేరనివాళ్ళు. "ఆత్మల్లారా, ఫలానా వేళకి లేపండి, మీ కోసం ఒక పరలోక జపం చదువుతాను" అంటే చాలు. చెప్పిన వేళకి ఎవరో కాలి బొటనవేలు పట్టుకుని లాగినట్టవుతుంది. పాలవాళ్ళను, బస్సు డ్రైవర్లను, సైకిలు వాళ్ళను అందరినీ లేపేది వాళ్ళే. మా అమ్మ మూడు నెలలూ కొడుకు కోసం రోజూ అడుగుతూనే ఉంది. వాళ్ళు లాగుతూనే ఉన్నారట. "లాగనీ, వాళ్ళకి మాత్రం వేరే పనేముంది?" అని వాడు కాళ్ళు ముడుచుకుని పడుకునేవాడు.

జనవరిలో కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. ఫిబ్రవరి మొదటి వారానికి రాకపోతే నీ చోటు ఇంకొకరికి ఇస్తాం అని. వాడికి ఇరవై ఏడేళ్ళు. ఆ వయసులో చోటు పోయిందంటే మళ్ళీ దొరకదు. ఆ సాయంత్రం పొయ్యిలో నిప్పుల మీద బూడిద కప్పుతూ, ఎవరూ లేకుండా చూసి, నేను అడిగాను. "హసింతో, వాడు నీ మాట ఒక్కటే వింటాడు. వాణ్ణి నాలుగింటికి నువ్వు లేపు."

నిజం చెప్పాలంటే తమ్ముడి కోసమే అడగలేదు. ఆ పేరు పైకి అని మూడు నెలలైంది. అనాలనిపించింది, అన్నాను.

మర్నాడు నాలుగింటికి మంచం కిర్రుమంది. నేను పొయ్యి రాజేసి బెల్లం నీళ్ళు కాచేసరికి అన్సెల్మో వంటింటి గుమ్మంలో నిలబడి కాలి వేలు రుద్దుకుంటున్నాడు.

"అంత గట్టిగా లాగాలా అక్కా? వేలు ఊడొచ్చేది."

"నేనెక్కడ లాగాన్రా?"

"మరి అమ్మా?"

"అమ్మ ఇంకా లేవలేదే."

వాడు బెల్లం నీళ్ళ గిన్నె రెండు చేతుల్తో పట్టుకుని అందులోకే చూస్తూ కూర్చున్నాడు. కాసేపటికి "టైర్లలో గాలుందంటావా?" అని అడిగాడు. నాకు ఏడుపొచ్చింది. పొయ్యి ఊదుతున్నట్టు అటు తిరిగాను.

రోజూ వాడు సైకిలు మీద, నేను వాడి వెనక మా నాన్న పాత మోటారు సైకిలు మీద. ఒక అదనపు చక్రం, పంపు, జామపండు హల్వా ముక్కలు నా బుట్టలో ఉండేవి. మొదటి వారం వాడు ముసలి గాడిదలా రొప్పాడు. రెండో వారానికి గ్రానీసో ఎత్తు మీద నా బండి రొప్పింది, వాడు కాదు. అంత తొందరగా ఎవరికీ బలం రాదు. నాకు తెలుసు, పదేళ్ళుగా ఆ కాళ్ళకు కర్పూర తైలం రాసిన చేతులు ఇవి.

మొదట నాకు అనుమానం వచ్చింది కుక్కల వల్ల. సైకిలు వాళ్ళంటే మా ఊరి కుక్కలకు పాత పగ. పాల కేంద్రం దగ్గర నాలుగైదు ఎప్పుడూ కాపు కాసి ఉంటాయి, అన్సెల్మో కనపడగానే పిక్క కోసం ఎగబడతాయి. ఆ జనవరిలో అవి వాణ్ణి వదిలేశాయి. వాడు దాటిపోయేదాకా ఊరుకుని, వాడి వెనక ఒక సైకిలు దూరంలో ఖాళీ రోడ్డు మీద పడేవి. ఆ ఖాళీ పక్కనే పరుగెత్తుతూ, మోకాలి ఎత్తున గాలిని కరవబోతూ మొరిగేవి. వంతెన దాకా తరిమి, ఆగి, నా వైపు చూసి తోక కాళ్ళ సందున పెట్టుకునేవి. నేనంటే వాటికెప్పుడూ భయం లేదు.

ఆ తర్వాత గుంటలు. జట్టుగా తొక్కేటప్పుడు ముందున్నవాడు రోడ్డు మీద గుంట కనబడితే వెనకవాడికి తెలిసేలా చెయ్యి కిందికి చాచి చూపిస్తాడు. అన్సెల్మో ఒక్కడే తొక్కుతూ ప్రతి గుంటనూ చూపిస్తున్నాడు. నాకేమో అనుకున్నాను. కానీ నేను యాభై గజాలు వెనకున్నాను, పైగా నాది మోటారు బండి.

కనుమ మీద ఆగినప్పుడు అడిగాను. "ఎవరికిరా చూపిస్తున్నావు గుంటలు?"

"అలవాటక్కా."

"నీ అలవాటు తగలెయ్య. అలవాటైతే వెనక్కి చూసి నవ్వుతావా కూడా?"

"నేను వెనక్కి చూడలేదు," అన్నాడు చప్పున. "నవ్వితే నవ్వానేమో. వెనక్కి మాత్రం చూడలేదు." హల్వా ముక్క నోట్లో వేసుకుని, ఇంకో ముక్క తీసి, సైకిలు సీటు మీద పెట్టి, అటు తిరిగి కొండ వైపు చూస్తూ నిలబడ్డాడు. మా చుట్టూ మంచులో సన్నాసి మొక్కలు మనిషెత్తున, బూడిదరంగు నూగు కప్పుకుని, జాతరకొచ్చిన జనంలా నిలబడి ఉన్నాయి. నేను ఆ సీటు మీది ముక్క వంక చూడలేదు. చూస్తే ఏం కనపడుతుందో అని కాదు. ఏమీ కనపడదేమో అని.

అవును, నాకు అప్పటికే తెలుసు. తెలిసీ సంతోషంగా ఉన్నాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంటుంది గానీ, ఆ నాలుగు నెలలూ తెల్లవారుజామున మంచంలో మేలుకుని పడుకుని, నాలుగు కావడం కోసం పెళ్ళికూతురిలా ఎదురుచూసేదాన్ని. అవతలి గదిలో మంచం కిర్రుమనగానే, హసింతో ఇంట్లోకి వచ్చాడు అనుకునేదాన్ని. నా కాలు కూడా ఒక్కసారి లాగితే బాగుండు అనుకునేదాన్ని. ఎప్పుడూ లాగలేదు. నేనడిగింది తమ్ముణ్ణి లేపమనే కదా.

మార్చిలో వానలు మొదలయ్యాయి. అప్పుడు కళ్ళతో చూశాను.

తడి రోడ్డు మీద సైకిలు పోతుంటే వెనక చక్రం నీళ్ళను పైకి చిమ్ముతుంది. ఆ నీళ్ళు తోకలా లేచి, వంగి, రోడ్డు మీద పడతాయి. అన్సెల్మో వెనక ఆ తోక లేస్తోంది, కానీ పడటం లేదు. మధ్యలో దేనికో తగిలినట్టు రెండుగా చీలి, చెరో పక్కకీ జారిపోతోంది. మనిషి మోకాళ్ళూ రొమ్మూ ఉండేచోట గాలి పొడిగా ఉంది. కొంచెం దగ్గరగా చూద్దామని బండి వేగం పెంచాను. ఆ పొడి చోటికి రెండు గజాల్లోకి వెళ్ళేసరికి ఇంజను ఆగిపోయింది. వెనకబడ్డాక దానంతటదే మళ్ళీ అందుకుంది. మూడుసార్లు ప్రయత్నించాను. మూడోసారి తర్వాత "సరేలే, నీ చోటు నీదే" అని పైకే అని, దూరంగా వచ్చాను.

గడువులోపే వాడు జట్టులో మళ్ళీ చేరాడు. ఏప్రిల్లో ఒక్కరోజు పందెం. నాయకుడు లేని జట్టు కదా, ఎవడి ఓపిక వాడిది అన్నాడు తిబూర్సియో. అమ్మా నేనూ వంటింట్లో రేడియో పెట్టుకుని దుంపలు చెక్కు తీస్తున్నాం. వ్యాఖ్యాత గొంతు చించుకుంటున్నాడు. "ఇద్దరు! ఇద్దరు విడిపోయి ముందుకొచ్చారు, మంచులోంచి ఇద్దరు కనపడుతున్నారు... కాదు, క్షమించాలి, ఒక్కడే. ఒక్కడే వస్తున్నాడు. సబ్బుల కంపెనీ అన్సెల్మో!"

మా తమ్ముడు జీవితంలో మొదటిసారి గెలిచాడు. ఊరంతా టపాకాయలు కాల్చింది. పాల కేంద్రం వాళ్ళు "ఏమోయ్ గొడుగూ, ఇన్నాళ్ళూ మా దగ్గర దాచావన్నమాట!" అని వాణ్ణి భుజాల మీద ఎత్తుకున్నారు. తిబూర్సియో ఇంటికొచ్చి మూడు గిన్నెల సూపు తాగి, రహస్యం చెబుతున్నట్టు ఊరంతా వినేలా చెప్పాడు. మే నెలలో మా జిల్లా చుట్టూ జరిగే నాలుగు రోజుల పందేనికి ఐరోపా జట్టు మనిషి ఒకాయన వస్తున్నాడట. కొండలెక్కేవాడు ఒక్కడు కావాలట. గెలిచినవాణ్ణి తీసుకుపోతాడట.

"అంతా ఆత్మల దయ," అన్నాడు తిబూర్సియో మూతి తుడుచుకుంటూ. "రోజూ నాలుగింటికి లేపించావు కదమ్మా కొడుకుని!"

ఆయన వెళ్ళేదాకా ఆగి, అమ్మ చెక్కుతున్న దుంప కింద పెట్టింది.

"నేను ఫిబ్రవరిలో నలభై రోజుల ఉపవాసాలు మొదలైనప్పుడే అడగడం మానేశాను. వాడు లేస్తున్నాడు కదా, అలవాటైందిలే అనుకున్నా. ఇప్పుడు వాణ్ణి ఎవరు లేపుతున్నారే?"

నేను చాకు వంక చూస్తూ కూర్చున్నాను.

"ఎవరినడిగావు?"

"అందరూ అడిగినట్టే అడిగానమ్మా."

"నా కళ్ళల్లోకి చూసి చెప్పు. పేరు పెట్టి పిలిచావా?"

తల ఊపాను. మా అమ్మ చెయ్యెత్తింది. కొడుతుందనుకున్నాను. శిలువ గుర్తు వేసుకుంది.

"ముప్పై ఏళ్ళొచ్చాయి నీకు, ఈ మాత్రం తెలీదే? గుంపుని పిలిస్తే గుంపులోంచి ఎవరో ఒకరొచ్చి పని చేసిపెట్టి పోతారు. రేపు ఇంకొకరు. ఎవరి దారి వాళ్ళకుంటుంది. పేరు పెట్టి పిలిస్తే ఆ ఒక్కడే రావాలి, రోజూ రావాలి. వాడిక పైకి పోలేడు. పోలేనివాడు ఎన్నాళ్ళు మంచిగా ఉంటాడే? కట్టేసిన కుక్క కూడా కొన్నాళ్ళకి కరుస్తుంది."

"హసింతో కరవడు."

"హసింతో కరవడు. ఇప్పుడు వచ్చేది ఎంతవరకు హసింతోనో నీకేం తెలుసు?"

"ఏం చెయ్యాలిప్పుడు?"

"పోయిన చోటికెళ్ళి, పిలిచిన నోటితోనే చెప్పాలి, ఇక చాలు వెళ్ళు అని. రేపే వెళ్ళు."

"పందెం అవ్వనీ అమ్మా," అన్నాను.

అమ్మ నా మొహంలోకి చాలాసేపు చూసింది. పందెం కోసం కాదని ఆవిడకి తెలుసు. నాకూ తెలుసు. అయినా కొడుకు ఐరోపా వెళతాడన్న ఆశ ఆవిడకి మాత్రం లేదా? దుంప మళ్ళీ చేతిలోకి తీసుకుంది. ఆ విషయం మేమిద్దరం మళ్ళీ ఎత్తలేదు. ఇది మా ఇద్దరి తప్పు.

మేలో పందెం మొదలైంది. మొదటి రోజు అన్సెల్మో మూడోవాడు, రెండో రోజు మొదటివాడు, మూడో రోజు కూడా వాడే. అందరికంటే నలభై సెకన్లు ముందున్నాడు. నాలుగో రోజు దారి గ్రానీసో కనుమ ఎక్కి, అవతలివైపు పాలలారీ మలుపు మీదుగా దిగి మా జిల్లా పట్నంలో ముగుస్తుంది. మూడో రోజు దారి మా ఊరి దగ్గరే ముగిసింది కాబట్టి తిబూర్సియో వాణ్ణి ఇంట్లో భోంచెయ్యనిచ్చాడు. సాయంత్రం ఐదింటికి వాడికి మొక్కజొన్న రొట్టెలూ గుడ్లూ పెట్టాను. తినలేదు. కాళ్ళకు తైలం రాస్తుంటే చర్మం చల్లగా ఉంది. ఎంత రుద్దినా వేడెక్కలేదు.

"భయంగా ఉందా?" అని అడిగాను.

"లేదక్కా. బరువుగా ఉంది. మొదట్లో వెనక ఎవరో తోస్తున్నట్టుండేది. ఈ వారం రోజులుగా ఎవరో పరీక్షగా చూస్తున్నట్టుంది." వాడు మొదటిసారి దాని గురించి మాట్లాడాడు, అదీ పేరెత్తకుండా. "ఊపిరి నా మెడకి తగులుతోంది. ఇదివరకు అంత దగ్గరికి వచ్చేవాడు కాదు."

నా చేతులు ఆగిపోయాయి.

"వెనకున్నవాడు ఎప్పటికీ వెనకే ఉండడు కదక్కా," అన్నాడు. "ఆఖర్న పక్కకొస్తాడు. అది పద్ధతి. నేను వాడి మనిషిని. వాడు ముందుకొస్తే నేను వాడి చక్రం వెంటే పోవాలి, వాడెటుపోతే అటు."

"అన్సెల్మో!"

"ఏముందిలే, ఊరికే అన్నా. నువ్వు రుద్దు."

నేను రుద్దాను. రుద్దుతూనే, మర్నాడు ఎక్కడికి వెళ్ళాలో నిర్ణయించుకున్నాను. ఐరోపా ఏ గంగలోనైనా కలవనీ. నా తమ్ముడు ఆ కొండ దిగి ఇంటికి రావాలి, అంతే.

పొద్దున్న పోలీసులు రోడ్డు మూసెయ్యకముందే మలుపు చేరాను. సన్నగా వాన. అక్కడ హసింతో పేరు రాసిన తెల్ల శిలువ, దాని చుట్టూ డ్రైవర్లు తగిలించిన పాత లారీ దీపాలు ఉన్నాయి. జనం ఎవరూ లేరు. ఆ వానలో అక్కడికి వచ్చే పిచ్చివాళ్ళు ఎవరుంటారు? పది గజాల అవతల రోడ్డు మంచులోంచి పుట్టి, నా ముందు మెలిక తిరిగి, మళ్ళీ మంచులో కలిసిపోతోంది. లోయ వైపు మోకాలెత్తు గోడ, అదీ సగం కూలి ఉంది.

వాళ్ళు రాకముందే చెప్పేద్దామనుకున్నాను. నోరు తెరిచాను. "హసింతో" అన్నాను. ఆ తర్వాత మాట రాలేదు. ఆ మాట అంటే అతను రెండోసారి పోతాడు. మొదటిసారి నేను లేను. ఈసారి నా నోటితో పంపాలి. ఇంకో నిమిషం, ఇంకో నిమిషం అనుకుంటూ రెండు గంటలు ఆ గోడ పక్కన తడుస్తూ నిలబడ్డాను. మధ్యాహ్నం పోలీసు మోటారు సైకిలు ఈల వేసుకుంటూ దిగిపోయింది. ఆ వెనకే తడి రోడ్డు మీద టైర్ల రొద వినపడింది.

అన్సెల్మో మంచులోంచి వచ్చాడు. ఒక్కడే, అందరికంటే ముందు. తల దించి, హ్యాండిల్ మీద పడుకున్నట్టు వంగి ఉన్నాడు. ముందు నేను చూసింది వాడి చేతులు. బ్రేకుల మీద వేళ్ళు లేవు.

తర్వాత నీళ్ళ తోక చూశాను. అది నిండుగా ఉంది. లేచి, వంగి, రోడ్డు మీద పడుతోంది. వాడి వెనక ఎవరూ లేరు. అమ్మయ్య అనుకోబోయాను. అప్పుడు వాడి పక్కన చూశాను. లోయ వైపు, వాడి భుజానికి సమంగా, నిలువెత్తున వాన పడటం లేదు. ఆ చోటి కింద రోడ్డు మీది నీరు సన్నని గీతగా చీలుతూ వస్తోంది. చూస్తుండగానే ఆ గీత వాడి పెడలు దాటింది, ముందు చక్రం దాటింది. కూలిన గోడ వైపు తిరిగింది. మా తమ్ముడి ముందు చక్రం కూడా నెమ్మదిగా అటే తిరిగింది.

"హసింతో, ఇక చాలు," అన్నాను. "వెళ్ళు."

అరవలేదు. పక్కనున్న మనిషికి చెప్పినట్టు చెప్పాను. ఆ గీత ఆగిపోయింది. దాని మీద వాన పడింది.

బ్రేకులు కీచుమన్నాయి. సైకిలు అడ్డం తిరిగి, కూలిన గోడకు జానెడు దూరంలో ఆగింది. అన్సెల్మో ఒక కాలు నేల మీద పెట్టి, లోయలోకి చూస్తూ నిలబడ్డాడు. అంతలో మంచులోంచి ఇద్దరొచ్చి వాణ్ణి దాటి దిగిపోయారు. ఆ తర్వాత నలుగురు. వాడు వాళ్ళను చూడలేదు. నా వైపు ఒక్కసారి చూశాడు, ఎక్కడో చూసిన మనిషిని చూసినట్టు. సైకిలు తిప్పుకుని, మెల్లగా దిగిపోయాడు.

పందెం పోయింది. తిబూర్సియో తన టోపీని నేలకేసి కొట్టి తొక్కాడట. ఐరోపా ఆయన దక్షిణాది కుర్రాడొకణ్ణి తీసుకుని వెళ్ళిపోయాడు. మా తమ్ముడి పేరు పేపర్లో ఏడో వరసలో వచ్చింది. ఆ తర్వాత ఎప్పుడూ రాలేదు.

పందెం ముగిసిన మూడో రోజు మధ్యాహ్నం నేనూ అన్సెల్మో పొలంలో బంగాళదుంపలు తవ్వుతున్నాం. వానలు తెరిపిచ్చాయి. వాడు పార ఆపకుండానే మొదలుపెట్టాడు.

"పిలిచింది నువ్వేనని అమ్మ చెప్పింది."

"ఊఁ."

"పంపింది కూడా నువ్వే."

"తిట్టాలంటే తిట్టరా. నీ పందెం పాడుచేశాను."

"పందెం ఎవడిక్కావాలి?" పార నేలలో దిగేసి దాని మీద ఆనుకున్నాడు. "నాకో మాట చెప్పి పంపాల్సింది. వాడితో ఒకటి చెప్పుకోవాల్సింది ఉంది నాకు. నాలుగు నెలలు రోజూ చెబుదామనుకున్నా. సైకిలు మీదుంటే మాట రాదు, వెనక్కి తిరిగి చూస్తే ఉండడేమోనని భయం."

"ఏం చెప్పాలి?"

పక్క పొలంలో ఎవరో ఎద్దుల్ని అదిలిస్తున్నారు.

"ఆ రోజు మంచులో 'ముందెలా ఉందిరా?' అని అడిగాడక్కా. నాకేమీ కనపడటంలేదు. అయినా 'రోడ్డు ఖాళీ బావా, వదిలెయ్!' అని అరిచాను. ఆగితే పందెం పోతుందని. వాడు నా మాట నమ్మి, బ్రేకులు వదిలేసి నన్ను దాటాడు. మలుపు అప్పుడు కనపడింది నాకు. చప్పుడు కూడా రాలేదు. వాడున్నచోట మంచుంది, అంతే."

నేను దుంపల బుట్ట పక్కన కూలబడ్డాను. నా మనిషి చావుకు కారణం నా పక్కన మట్టి చేతుల్తో నిలబడి ఉంది. కోపం వచ్చింది, రాలేదని అబద్ధం చెప్పను. ఆ క్షణంలో చేతిలో ఉన్న దుంపతో వాడి మొహం మీద కొట్టాలనిపించింది. వాడు కూడా అందుకే నిలబడ్డట్టున్నాడు, కదలకుండా.

"మొన్న మలుపు దగ్గర అందుకే బ్రేకులు వదిలేశాను," అన్నాడు. "నిర్ణయం వాడిదే అనుకున్నా. నన్ను క్షమించుంటే నా వెనకే ఉంటాడు, దిగేదాకా. క్షమించకపోతే పక్కకొస్తాడు. అప్పుడు నేను వాడెంట పోవాలి. అంతలో వీపుకి గాలి తగిలింది, చేతులు వాటంతటవే బ్రేకు పట్టేశాయి. ఏమైందో నాకు తెలీలేదు. తల ఎత్తలేదు నేను. నువ్వు చూశావు." వాడి గొంతు చిన్నపిల్లాడి గొంతులా అయిపోయింది. "చెప్పక్కా. వాడెక్కడున్నాడు? నా వెనకున్నాడా, పక్కనా?"

ఆ రోజు వాడి భుజం పక్కన వాన పడని చోటు నా కళ్ళ ముందుంది. ఇప్పటికీ ఉంది. కూలిన గోడ వైపు తిరిగిన ఆ గీత నేను చచ్చేదాకా ఉంటుంది.

"వెనకే ఉన్నాడురా," అన్నాను. "ఆఖరిదాకా నీ వెనకే ఉన్నాడు."

వాడు ముంజేతులతో మొహం కప్పుకుని ఏడ్చాడు. అక్టోబరు తర్వాత వాడు ఏడవడం అదే మొదటిసారి. నేను లేచి బుట్ట నడుం మీద పెట్టుకుని, ఆ వరస చివరిదాకా దుంపలు ఏరాను.